ఉచితంగా నిండే గ్లాసు – ఒంటి మీద పడే ఖరీదు

హొసకోటె అనగానే ఇప్పుడు చాలామందికి తెల్లవారుజామున దొరికే దమ్ బిర్యానీ గుర్తుకొస్తోంది. ఆదివారం వస్తే చాలు, ఇంకా చీకటి ఉండగానే బెంగళూరు నుంచి కార్లు, బైకులు వచ్చి బారులు తీరుతున్నాయి. అదే పాత మద్రాసు రోడ్డు మీద బెంగళూరు వైపు వెళితే మాల్స్, వాటిలో బర్గర్లు, పిజ్జాలు అమ్మే దుకాణాలు. మన పిల్లలు రెండు చోట్లా తింటున్నారు. రెండు చోట్లా బల్ల మీదకు వచ్చేది మాత్రం ఒకటే, చల్లని కూల్ డ్రింకు. కొన్ని దుకాణాల్లో ఒక్కసారి డబ్బు కట్టి గ్లాసు తీసుకుంటే చాలు, యంత్రం దగ్గరకు వెళ్ళి ఎన్నిసార్లయినా నింపుకోవచ్చు. దీన్ని ‘ఫ్రీ రీఫిల్’ అంటున్నారు. “ఉచితమే కదా హకీం సాబ్, పిల్లలు ఇంకో గ్లాసు తాగితే ఏమవుతుంది?” అని అడిగే తల్లిదండ్రులు ఉన్నారు. ఏమవుతుందో ఈ వారం వివరంగా తెలుసుకుందాం.

ఈ పద్ధతి ఎక్కడిది?

ఇది అమెరికాలో పుట్టిన వ్యాపార పద్ధతి. అక్కడ టాకో బెల్ అనే సంస్థ 1988లో తన దుకాణాల్లో పానీయాన్ని ఉచితంగా మళ్ళీ నింపుకునే వీలు కల్పించింది. తర్వాత మిగతా సంస్థలు కూడా అదే దారి పట్టాయి. ఆ టాకో బెల్ భారతదేశంలో తన మొదటి దుకాణాన్ని 2010లో మన బెంగళూరులోనే తెరిచింది.

ఉచితంగా పోస్తే దుకాణదారుడికి నష్టం రాదా? రాదు. యంత్రంలోంచి వచ్చే పానీయంలో సాధారణంగా ఒక వంతు చిక్కటి తీపి పాకం ఉంటే, అయిదు వంతులు గ్యాసు కలిపిన నీళ్ళు ఉంటాయి. దానిపైన ఐసు ముక్కలు. రెండో గ్లాసుకు అతనికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. ఆ ఆశతో కుటుంబమంతా వచ్చి కూర్చుంటే తిండి అమ్ముడుపోతుంది. అంటే రెండో గ్లాసు మనకు దక్కిన లాభం కాదు, మనల్ని పిలిచే ఎర.

మళ్ళీ మళ్ళీ పోయడం మనకు కొత్త కాదు. ఆంధ్రా భోజన హోటళ్ళలో చారు, మజ్జిగ మారు వడ్డిస్తారు. మంచినీళ్ళకైతే లెక్కే లేదు. దాహంతో ఉన్నవారికి నీళ్ళివ్వడం మన ధర్మంలో గొప్ప పుణ్యకార్యం. కాబట్టి తప్పు మారు పోయడంలో లేదు, పోసే వస్తువులో ఉంది.

గ్లాసులో ఎంత చక్కెర?

మామూలు కోలా పానీయం 100 మిల్లీలీటర్లలో సుమారు 10 నుంచి 11 గ్రాముల చక్కెర ఉంటుంది. 300 మిల్లీలీటర్లు తాగితే 30 గ్రాములు దాటుతుంది. టీ చెంచాలతో కొలిస్తే ఏడెనిమిది చెంచాలు. ఇంట్లో టీలో ఎవరైనా ఏడు చెంచాల చక్కెర వేస్తే ఆ టీ తాగగలమా? అదే తీపి చల్లగా, గ్యాసుతో, పులుపుతో కలిసి వస్తే నాలుక పసిగట్టలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచన ప్రకారం పెద్దలకు అదనంగా చేర్చిన చక్కెర రోజుకు 50 గ్రాములు మించకూడదు, 25 గ్రాముల లోపు ఉంటే మరీ మంచిది. పిల్లలకు హద్దు ఇంకా తక్కువ. ఒక్క గ్లాసుతోనే 25 గ్రాముల హద్దు దాటిపోయింది. మూడు గ్లాసులు తాగితే 90 గ్రాములు పైమాటే. శక్తి లెక్కలో అది దాదాపు నాలుగు చపాతీలతో సమానం. నాలుగు చపాతీలు తింటే కడుపు నిండిందని తెలుస్తుంది. తాగిన తీపి అలా తెలియదు, దాని మీద మళ్ళీ పూర్తి భోజనం చేస్తాం.

ఈ కారణంగానే ఫ్రాన్సు దేశం 2017 జనవరిలో తీపి కూల్ డ్రింకులను ఉచితంగా గాని, ఒకే ధరకు గాని అపరిమితంగా పోయడాన్ని నిషేధించింది. ఇంగ్లండులో 2025 అక్టోబరు 1 నుంచి ఇలాంటి ఉచిత రీఫిల్స్ మీద ఆంక్షలు అమలులోకి వచ్చాయి. మన దేశంలో 2025 సెప్టెంబరు 22 నుంచి ఇలాంటి తీపి గ్యాసు పానీయాల మీద జి.ఎస్.టి. 40 శాతం. పన్ను సీసా ధరను పెంచగలదు గాని, మన చేతిలోని గ్లాసును ఆపలేదు.

‘బిర్యానీ అరగడానికి’ అనే మాట

బిర్యానీ తిన్న తర్వాత కూల్ డ్రింకు తాగితే త్వరగా అరుగుతుందని చాలామంది నమ్మకం. తాగగానే పెద్ద తేన్పు వస్తుంది, కడుపు తేలికైనట్టు అనిపిస్తుంది. కాని ఆ తేన్పులో బయటికి వచ్చేది ప్రధానంగా పానీయంలోని గ్యాసే. మాంసం, నెయ్యి, బియ్యం ఎక్కడివక్కడే ఉన్నాయి. పైగా గ్యాసు వల్ల పొట్ట ఉబ్బి, ఛాతీలో మంట, పులితేన్పులు ఉన్నవారికి అవి ఎక్కువ కావచ్చు.

యునానీ వైద్యంలో జీర్ణక్రియను ‘హజ్మ్’ అంటారు. మేదా, అంటే కడుపు, తన సహజమైన వేడితో ఆహారాన్ని పచనం చేస్తుందని మా శాస్త్రం చెబుతుంది. పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా చల్లనీళ్ళు పోస్తే ఏమవుతుందో, భోజనం మీద ఐసు పానీయం గుమ్మరిస్తే అదే జరుగుతుందని యునానీ వైద్యుల అభిప్రాయం. కొవ్వు భోజనం, దాని మీద తీపి, దాని మీద చల్లదనం: ఈ మూడూ కలిస్తే ‘బల్గమ్’ అంటే కఫ ద్రవం పెరిగి శరీరం బరువెక్కుతుంది, బద్ధకం వస్తుంది అంటాం. ఆరోగ్యానికి ఆధారమైన ఆరు అవసరాల్లో, అంటే ‘అస్బాబె సిత్తా జరూరియా’లో, తిండీ పానీయమూ ఒకటి. అందులో కూడా వస్తువు ఎంత ముఖ్యమో, ‘మిఖ్దార్’ అంటే కొలత అంతే ముఖ్యం. గ్లాసు అయిపోవడమే మనిషికి ఒక కొలత. రీఫిల్ చేసేది ఆ కొలతను తీసేయడమే.

తీరని దాహం

చక్కెర వ్యాధిని యునానీలో ‘జియాబీతుస్’ అంటారు. ఇది గ్రీకు మాట. లోపలికి వెళ్ళినది నిలవకుండా దాటిపోవడం అని దాని భావం. పాత అరబ్బీ గ్రంథాల్లో దీనికి ‘దూలాబ్’ అనే పేరు కూడా ఉంది, అంటే నీళ్ళు తోడే చక్రం. తాగడం, పోయడం, మళ్ళీ తాగడం. రోగి బతుకు ఆ చక్రంలా తిరుగుతుందని అర్థం.

భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగి, 2023లో ప్రచురితమైన సర్వే ప్రకారం దేశంలో దాదాపు 10 కోట్ల మందికి చక్కెర వ్యాధి ఉంది. మరో 13 కోట్లకు పైగా మంది దాని అంచున ఉన్నారు. అందుచేత ఇంట్లో ఎవరైనా గ్లాసు మీద గ్లాసు తాగుతుంటే “వీడికి కూల్ డ్రింకు పిచ్చి” అని నవ్వి ఊరుకోకండి. ఎంత తాగినా దాహం తీరకపోవడం, రాత్రిళ్ళు పలుమార్లు మూత్రానికి లేవడం, తింటున్నా బరువు తగ్గడం కనిపిస్తే వెంటనే రక్తపరీక్ష చేయించండి. పిల్లలైతే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయవద్దు. పెద్దల్లో పరగడుపున చక్కెర 100 లోపు ఉండాలి. 100 నుంచి 125 వరకు హెచ్చరిక. 126 గాని, అంతకు మించి గాని ఉంటే మరోసారి పరీక్షించి వ్యాధిని నిర్ధారిస్తారు.

మన షర్బత్ మాటేమిటి?

కోలాను తిట్టి షర్బత్‌ను వదిలేస్తే అది న్యాయం కాదు. ఢిల్లీలో హకీం హాఫిజ్ అబ్దుల్ మజీద్ గారు గత శతాబ్ది తొలి సంవత్సరాల్లో తయారుచేసిన రూహ్ అఫ్జా ఈనాటికీ మన ఇళ్ళలో ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద ఉంటుంది. అది యునానీ వారసత్వమే. కాని అది కూడా చక్కెర పాకమే. యునానీలో షర్బత్ అనేది మందు. దానికి మోతాదు ఉంది, రెండు మూడు చెంచాలు నీళ్ళలో కలిపి తాగమంటాం. జగ్గులో కలిపి “ఇంకో గ్లాసు, నా మాట కాదనకండి” అని బలవంతం చేస్తే అది మన ఇంట్లోని ఫ్రీ రీఫిల్ అవుతుంది. చక్కెర వ్యాధి ఉన్న బంధువు మొహమాటానికి రెండో గ్లాసు తాగి, ఇంటికి వెళ్ళి బాధపడతాడు. దావత్ ఇచ్చేవారు షర్బత్ ఒక్కసారి అందించండి. మారు పోయడానికి నీళ్ళ జగ్గు పట్టుకోండి. మెహమాన్ నవాజీకి ఏ లోటూ రాదు.

ఇస్రాఫ్ ఎక్కడ మొదలవుతుంది?

“డబ్బు కట్టాం, వదిలేస్తే ఇస్రాఫ్ కాదా?” అని కొందరు ధర్మసందేహం వెలిబుచ్చుతారు. తినడంలో, తాగడంలో హద్దు మీరవద్దని దివ్యఖుర్ఆన్ మనకు బోధించింది. కడుపులో కొంత ఆహారానికి, కొంత పానీయానికి, కొంత శ్వాసకు చోటుంచాలని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) నేర్పించారు. గ్లాసులో మిగిలింది పారబోయడం దుబారాయే. కాని అవసరం లేని గ్లాసును నింపుకున్నప్పుడే ఆ దుబారా మొదలైంది. నింపుకున్నాం గనక తాగేయాలి అనుకుంటే, పారబోసే చోటు మారిందంతే. మురికికాలువకు బదులు మన కడుపు. ఈ శరీరం మనకు అమానత్. దాన్ని మనమే పాడుచేసుకుంటే ఎలా?

పాటించవలసినవి

1. హోటల్లో కూర్చోగానే మొదట నీళ్ళు తాగండి. దాహం తీరాక కూల్ డ్రింకు మీద మోజు సగం తగ్గుతుంది.

2. చౌకగా వస్తుందని పానీయంతో కలిపిన ‘కాంబో’ తీసుకోకండి. తిండి విడిగా అడగండి.

3. పిల్లలు మరీ మారాం చేస్తే చిన్న గ్లాసు ఒక్కటి తెప్పించి, బెంగళూరు అలవాటు ప్రకారం ‘బై టూ’ చేయండి. రీఫిల్ లేదని ఇంట్లో బయలుదేరే ముందే చెప్పండి, హోటల్లో గొడవ ఉండదు.

4. ‘డైట్’, ‘జీరో’ అని రాసినవి నీళ్ళకు ప్రత్యామ్నాయం కావు. బరువు తగ్గడానికి అలాంటి కృత్రిమ తీపిని నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది.

5. బిర్యానీ తిన్నాక మంచం ఎక్కకండి. పావుగంట మెల్లగా నడవండి.

ఇంట్లో చేసుకునే పానీయాలు

జీలకర్ర, సోంపు నీళ్ళు: అర లీటరు నీళ్ళలో చెంచా జీలకర్ర, అర చెంచా సోంపు వేసి అయిదు నిమిషాలు మరగనిచ్చి వడకట్టండి. భోజనం తర్వాత గోరువెచ్చగా అర గ్లాసు తాగితే కడుపుబ్బరం తగ్గుతుంది.

పల్చటి మజ్జిగ: ఒక వంతు పెరుగుకు నాలుగు వంతుల నీళ్ళు, కొద్దిగా పుదీనా, వేయించిన జీలకర్ర పొడి. రక్తపోటు ఉన్నవారు ఉప్పు వేసుకోవద్దు.

బార్లీ నీళ్ళు: దీన్ని యునానీలో ‘మావుష్షయీర్’ అంటారు. 50 గ్రాముల బార్లీని కడిగి, లీటరున్నర నీళ్ళలో మెత్తబడే వరకు ఉడికించి, వడకట్టి, నిమ్మరసం పిండి తాగండి. చక్కెర అక్కర లేదు. ఎండాకాలంలో ఒంటికి చలువ.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఏ పానీయమైనా డాక్టరు చెప్పిన కొలత ప్రకారమే తీసుకోవాలి. చక్కెర వ్యాధికి మందులు, ఇన్సులిన్ వాడుతున్నవారు వీటిని నమ్ముకుని మందులు ఆపకూడదు. ఇవి మందులకు బదులు కాదు, కూల్ డ్రింకులకు బదులు.

దుకాణంలో యంత్రం ఆగదు, దానికి కడుపు లేదు. ఆగవలసింది మనమే. రెండో గ్లాసు దగ్గర చెయ్యి ఆపే అలవాటు పిల్లలకు ఇప్పుడే నేర్పితే, రేపు వారి వైద్యానికి పెట్టే ఖర్చు మిగులుతుంది. అల్లాహ్ మనందరికీ ఆరోగ్యాన్ని, మితాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.