రావులపాలెం అరటి రకాల చుట్టరికం ఎలా తెలిసింది?

రావులపాలెం మార్కెట్టుకు వచ్చే కర్పూర చక్కెరకేళి, బొంత గెలలు రూపంలోను, రుచిలోను వేరైనా, రెండింటి పూర్వీకులు ఉమ్మడే. ఆసియా అడవుల్లో గింజల కాయలు కాసే మ్యూసా అక్యుమినాటా, మ్యూసా బాల్బిసియానా అనే రెండు జాతుల కలయికతోనే ఇవి పుట్టాయి. చెట్టులా కనిపించినా, ఆకు దొప్పలు ఒకదానిపై ఒకటి చుట్టుకొని నిలిచిన అరటి నిజానికి పెద్ద గుల్మం. అల్లం, పసుపు దీనికి దూరపు బంధువులు.

ఈ చుట్టరికాన్ని ఎలా కనుగొన్నారు? 1955లో సిమ్మండ్స్, షెపర్డ్ అనే శాస్త్రవేత్తలు 15 లక్షణాలను ఎంచుకొని, ఒక్కొక్కదానికి 1 నుంచి 5 వరకు మార్కులు వేసే పద్ధతిని రూపొందించారు. ఉదాహరణకు, ఆకు కాడపై ఉండే గాడి అక్యుమినాటాలో విచ్చుకొని ఉంటే, బాల్బిసియానాలో దాని అంచులు దగ్గరకు ముడుచుకొని ఉంటాయి. మొదటి జాతి వారసత్వాన్ని ‘ఎ’ అని, రెండవదాన్ని ‘బి’ అని గుర్తించగా, కర్పూర చక్కెరకేళి ‘ఎఎబి’గా, కూరకు వాడే బొంత ‘ఎబిబి’గా తేలాయి.

మరి వీటిలో గింజలెందుకు ఉండవు? వారసత్వ లక్షణాలను మోసే క్రోమోజోములు అడవి అరటిలో 11 చొప్పున రెండు వరుసలుగా ఉంటే, ఈ రకాల్లో, పై మూడు అక్షరాలు సూచించినట్టే, మూడు వరుసలుగా మొత్తం 33 ఉంటాయి. మూడు వరుసలు సమానంగా విడిపోలేనందున గింజ కట్టదు. అయితే ఫలదీకరణ లేకుండానే కాయ ఊరుతుంది. రైతులు పిలకలు నాటి పెంచే ఈ మొక్కలన్నీ దాదాపు తల్లి ప్రతిరూపాలే కనుక, ఒక తెగులు ఒకదానికి సోకితే తక్కినవాటికీ అదే ప్రమాదం పొంచి ఉంటుంది. తెగుళ్లను తట్టుకొనే కొత్త రకాలకు గుణాలను అందించగల అడవి అరటిని కాపాడుకోవడం అందుకే అత్యవసరం.