మాల తీసేశాక ఒంట్లో ఏం జరుగుతుంది?

గుంపుగా అడవి దాటి రావడం మన పడమటి మండలాలకు కొత్త కాదు. ఉదయగిరి, ఆత్మకూరు వైపు నుంచి మాల వేసుకుని ఎరుమేలి పెద్దపాదం మీదుగా శబరిమల నడిచేవారున్నారు. శివరాత్రికి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా నల్లమల దాటి శ్రీశైలం చేరేవారున్నారు. (వెంకటాపురానికి దగ్గరున్నది నంద్యాల జిల్లా ఆత్మకూరు, మనది కాదు. బస్సెక్కేటప్పుడు చూసుకోండి.) బయల్దేరే ముందు జాగ్రత్తలు అందరూ చెబుతారు. కానీ మా ఓపీకి జనం వచ్చేది తిరిగొచ్చాకే.

2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. మనం చూసేది శిఖరం మీది ఫొటోలే. అంత ఎత్తులో ప్రాణాలు ఎక్కువగా పోయేది మాత్రం దిగేటప్పుడు. మన దుర్గం కొండ ఎక్కినవారికీ ఈ సంగతి కొంత తెలుసు: ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు మోకాళ్లు. దిగువకు నడిచేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే బరువు మోస్తాయి, లోపల సన్నగా చిట్లుతాయి. అందుకే నొప్పి ఇంటికొచ్చిన రెండో రోజో మూడో రోజో ముదురుతుంది. వారంలో తగ్గిపోతుంది, కంగారొద్దు. మూత్రం డికాషన్ రంగులో వస్తే మాత్రం ఆ రోజే ఆస్పత్రికి రండి. చిట్లిన కండరాల్లోంచి వచ్చిన పదార్థం మూత్రపిండాలను దెబ్బతీస్తోందేమో చూడాలి. ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్రలు మింగడం ఇంకా చేటు.

షుగరున్నవారు ఇల్లు చేరగానే అరికాళ్లు చూసుకోవాలి. కనబడకపోతే అద్దం కింద పెట్టుకోండి, లేదా పిల్లల్ని చూడమనండి. స్పర్శ తగ్గిన కాలికి బొబ్బ చితికినా తెలియదు.

ఇక జ్వరం. అందరూ పొరబడేది ఇక్కడే. యాత్ర నుంచి వచ్చిన పది, పన్నెండు రోజులకు చలితో జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు మొదలవుతాయి. అన్ని రోజులయింది కాబట్టి అడవి ఎవరికీ గుర్తురాదు. విడాల్ పరీక్షలో టైఫాయిడ్ అని రాస్తారు, సెలైన్ ఎక్కిస్తారు, వారం గడుస్తుంది. అసలు జబ్బు స్క్రబ్ టైఫస్ కావచ్చు. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆనని పురుగు పిల్లలు కుడితే వస్తుంది. కుట్టిన చోట బీడీతో కాల్చినట్టు నల్లటి పెచ్చు కట్టవచ్చు. నొప్పీ దురదా ఉండవు కనుక చంకలో, గజ్జల్లో, మొలతాడు కింద వెతికితేగానీ దొరకదు. అందరికీ కనబడదు కూడా. డాక్సీసైక్లిన్ అనే చవక మాత్ర సమయానికి పడితే సాధారణంగా రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దాకా పోతుంది, ప్రాణం మీదకొస్తుంది. మాత్ర మీరే కొనుక్కోకండి, మలేరియా కూడా చూడాలి. గర్భిణులకు, పిల్లలకు లెక్కలు వేరు. ఏ ఆస్పత్రికి వెళ్లినా ముందు ఒక్క మాట చెప్పండి: ‘ఫలానా తేదీన అడవిలో నడిచాను, నేల మీద పడుకున్నాను.’ సగం వైద్యం ఆ మాటలోనే ఉంది. మీతో నడిచిన వారికీ ఫోన్ చేసి జ్వరం ఉందేమో అడగండి.

ఇంటికొచ్చాక కొన్నాళ్లు దిగులుగా ఉందని కొందరంటారు. తెల్లవారుజామున లేపే గొంతులు లేవు, కలిసి తినే పంక్తి లేదు. అది జబ్బు కాదు. అదే గుంపుతో వారానికి రెండుసార్లు చెరువు కట్ట మీద నడవండి. రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి లేకపోతే డాక్టరుతో మాట్లాడండి.

మందు అలవాటున్నవారు 41 రోజులు మానాక తట్టుకునే శక్తి తగ్గి ఉంటుంది. పాత కొలతే అదే సాయంత్రం తాగితే వాంతి ఊపిరి గొట్టంలోకి పోయే ప్రమాదముంది. సిగరెట్టు సంగతి దీనికి తిరగేసి చూడాలి. నికోటిన్ కోసం ఒళ్లు పీకే గడ్డు రోజులు దీక్షలోనే దాటేసి ఉంటారు, కష్టమైన భాగం అయిపోయినట్టే. మళ్లీ మొదలయ్యేది ఎక్కువగా బస్సు దిగిన చోట, మొదట కనబడే బంకు దగ్గర.