బడి తిండికి ఊరి అండ కావాలి

బడి పిల్లల తిండికి మన దేశంలో స్పష్టమైన ప్రమాణాలు ఉన్నాయని చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. మధ్యాహ్న భోజనంలో ఎంత బియ్యం, ఎంత పప్పు ఉండాలి, బడి గేటు దగ్గర ఏవి అమ్మకూడదు అన్న విషయాలు నిబంధనల్లోనే రాసి ఉన్నాయి. పౌరులు కోర్టు తలుపు తట్టి అడిగితే వచ్చిన ప్రమాణాలివి. ఇవి సరిగా అమలు కావాలన్నా మళ్లీ మనమే అడగాలి. అడగాలంటే ముందు వాటి గురించి తెలియాలి.

అన్నం హక్కుగా మారిన తీరు

2001లో రాజస్థాన్ కరువుతో అల్లాడుతోంది. అదే సమయంలో ఆహార సంస్థ గోదాముల్లో ధాన్యం మూలుగుతోంది. ఈ పరిస్థితి మీద పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. అప్పటికి చాలా రాష్ట్రాల్లో పిల్లలకు నెలకు మూడు కిలోల చొప్పున ధాన్యం కొలిచి ఇచ్చేవారు. ఇంటికి చేరిన ఆ ధాన్యం ఇంటిల్లిపాదికీ సర్దుబాటయ్యేది. ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలల పిల్లలకు వండిన భోజనమే పెట్టాలని 2001 నవంబర్ 28న కోర్టు ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుంచి అది అమల్లోకి వచ్చింది. 2013లో జాతీయ ఆహార భద్రతా చట్టం ఈ భోజనాన్ని పిల్లల హక్కు చేసింది.

లెక్క ఇలా ఉంటుంది. 1 నుంచి 5 తరగతుల పిల్లలకు రోజుకు 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలి. అందుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె వాడాలి. 6 నుంచి 8 తరగతులకు 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు. బియ్యం 150, పప్పు 30, కూరగాయలు 75, నూనె 7.5 గ్రాములు. సమగ్ర శిక్ష సహాయం పొందే మదర్సాలు, మక్తబ్‌ల పిల్లలకూ ఈ పథకం వర్తిస్తుంది.

దీనికి రాష్ట్రాలు తమ వంతు కలిపాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 9, 10 తరగతులకు కూడా భోజనం పెడుతున్నారు, కోడిగుడ్డు ఇస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మెనూ మార్చి వారానికి ఐదు గుడ్లు, వేరుశనగ చిక్కీ ఇచ్చారు. 2023లో రాగిజావ చేర్చారు. ఇప్పుడు ఈ పథకానికి కోనసీమలో నిత్యాన్నదానం చేసిన డొక్కా సీతమ్మ గారి పేరు ఉంది.

ఈ భోజనం విలువ తరగతి గదిలో ఉండే మాకు బాగా తెలుస్తుంది. పొద్దున టీలో రస్కు ముంచుకుని తిని బడికి వచ్చే పిల్లలు ఎందరో ఉన్నారు. మూడో పీరియడ్ వచ్చేసరికి వాళ్ల తలలు వాలిపోతాయి. పలకరిస్తే తలనొప్పి అంటారు. అది ఆకలి. అలాంటి బిడ్డకు మధ్యాహ్నం పళ్లెంలో నీళ్ల చారు పడిందా, పప్పు పడిందా అన్నది చిన్న విషయం కాదు.

గేటు బయట

రెండో ప్రమాణం బడి చుట్టూ అమ్మే తిండికి సంబంధించినది. ఇది కూడా ప్రజల అర్జీతోనే మొదలైంది. పాఠశాలల దగ్గర జంక్ ఫుడ్ అమ్మకాల మీద ఉదయ్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ 2010లో ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యం వేసింది. 2015లో కోర్టు ఆదేశాలిచ్చింది. 2020లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధనలు ప్రకటించింది. కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువగా ఉన్న తినుబండారాలను బడి క్యాంటీన్‌లో, హాస్టల్ వంటగదిలో, గేటు నుంచి 50 మీటర్ల లోపల పిల్లలకు అమ్మకూడదు. ఉచితంగా పంచకూడదు, వాటి ప్రకటనలూ పెట్టకూడదు. ఈ సంగతి తెలిపే బోర్డు గేటు దగ్గర ఉండాలి.

ఇంత కట్టుదిట్టం ఎందుకంటే, ఒక చిన్న లెక్క చూద్దాం. మామూలు కోలా పానీయంలో ప్రతి 100 మిల్లీలీటర్లకు 10 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. 250 మిల్లీలీటర్ల సీసా తాగితే 25 గ్రాములు దాటుతుంది, అంటే అయిదారు టీ చెంచాలు. బయటి నుంచి కలిపే చక్కెర ద్వారా వచ్చే శక్తి రోజు మొత్తంలో పది శాతం లోపు ఉండాలని, ఐదు శాతానికి తగ్గితే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు 2000 కేలరీలు కావలసిన పిల్లవాడికి ఆ ఐదు శాతం 25 గ్రాములే. ఒక్క సీసాతో అది అయిపోయింది. పిల్లలకు ఈ లెక్క కళ్లకు కట్టేలా బడుల్లో చక్కెర బోర్డులు పెట్టమని 2025 మేలో సీబీఎస్ఈ తన పాఠశాలలకు సూచించింది. అట్టముక్క, స్కెచ్ పెన్ను ఉంటే చాలు, ఏ బడిలోనైనా పెట్టుకోవచ్చు.

మనం చేయగలిగింది

మొదటిది, పాఠశాల యాజమాన్య కమిటీ. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఇందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది మహిళలుండాలి. భోజనం నాణ్యత చూసే అధికారం ఈ కమిటీకి ఉంది. చాలాచోట్ల సభ్యులు సంతకానికి మాత్రమే వస్తారు. నెలకు రెండు రోజులు ఇద్దరు తల్లులు వంట సమయానికి వచ్చి, ఆ రోజు ఎంతమంది పిల్లలకు ఎంత పప్పు పడిందో చూసి, రుచి చూసి వెళితే చాలు. వంద మంది ప్రాథమిక తరగతుల పిల్లలుంటే రెండు కిలోల పప్పు ఉడకాలి. ఈ లెక్కకు పెద్ద చదువు అక్కర్లేదు.

అయితే వంట చేసే అక్కలతో తగాదాకు దిగకూడదు. బిల్లులు ఆగితే వాళ్లే అప్పు తెచ్చి కూరగాయలు కొంటారు. చారు పలచబడడానికి అది కూడా ఒక కారణం. వాళ్ల బిల్లు కోసం మండల కార్యాలయంలో కమిటీ గట్టిగా అడిగితే పప్పు దానంతట అదే చిక్కబడుతుంది.

గేటు ముందు బండి పెట్టుకున్నవాడూ మన పేటవాడే, అతనికీ పిల్లలున్నారు. తరిమేస్తే పక్క సందులో పెడతాడు. ఉడికించిన శనగలు, వేరుశనగలు, జామకాయలు, అరటిపండ్లు అమ్మమని చెప్పి, అవి కొనడానికే పిల్లల చేతికి డబ్బులిద్దాం. అమ్ముడుపోయే సరుకే అతను తెస్తాడు.

రెండోది, తిథి భోజనం. పుట్టినరోజు, పెళ్లి వంటి సందర్భాల్లో బడి పిల్లలకు అదనంగా ఏదైనా పెట్టడానికి పథకంలోనే వీలుంది. రోజూ పెట్టే భోజనం మానకుండా దానికి ఇది తోడవుతుంది. ఇలాంటప్పుడు మనం కేకులు, కూల్‌డ్రింకులు పంచడం అలవాటైపోయింది. ప్రధానోపాధ్యాయుడితో ముందే మాట్లాడుకుంటే అదే ఖర్చుతో పండ్లో, అదనంగా ఒక గుడ్డో, పెరుగో ఇవ్వవచ్చు.

మూడోది, మన స్వచ్ఛంద సంస్థలు నడిపే పాఠశాలలు, హాస్టళ్లు. ప్రభుత్వ బడిని అడిగే ముందు మన వంటగదిలో పప్పు ఎంత పడుతోంది, ఆకుకూర వారానికి ఎన్నిసార్లు వస్తోంది అని చూసుకోవాలి. హాస్టల్ మెనూను గ్రాములతో సహా గోడ మీద రాసి పెడితే దాతలకూ, పిల్లలకూ తెలుస్తుంది.

ఈ సంవత్సరం ప్రతి పాఠకుడూ తన పేటలోని బడికి ఒక్కసారి మధ్యాహ్నం పూట వెళ్లాలని కోరుతున్నాను. 50 మీటర్ల బోర్డు ఉందా, ఈ రోజు పప్పు ఎంత వేశారు అని రెండే ప్రశ్నలు అడగండి. జవాబు ఏదైనా వచ్చే కమిటీ సమావేశంలో చెప్పండి. అడిగేవారు ఉన్నారని తెలిసిన రోజు నుంచి వంటగదిలో కొలత మారుతుంది.