పన్నెండో గంట కొట్టేసరికి

"రేపు హైదరాబాద్ పోయొద్దామా?" అని శనివారం రాత్రి అన్నాల దగ్గర ఎవరో ఒకరు అంటారు. చేతులు కడుక్కునేలోపు జాబితా తయారు. చార్మినార్, గోల్కొండ, జూ, బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్, టైముంటే శిల్పారామం. ఇంట్లో నాలుగేళ్ల పాప, ఏడేళ్ల బాబు ఉన్నారన్న సంగతి ఆ జాబితాకు పట్టదు.

మాది హనుమకొండ. మొదటిసారి మేమూ అలాంటి జాబితాతోనే బయల్దేరాం. ఐదు చోట్లు అనుకుని ఒకటిన్నర చూశాం. ఆ అరలో కూడా పాప నా భుజం మీద నిద్రపోయింది, బాబు చెప్పు తెగింది. ఆ రాత్రి రైల్లో మా ఆవిడ ఒక మాటంది: "పొద్దున ఎక్కడ మొదలుపెట్టాలో కాదు, రాత్రి ఎన్నింటికి ఇల్లు చేరాలో ముందు చూసుకోవాల్సింది."

అప్పటి నుంచి మా లెక్క వెనక నుంచి ముందుకు నడుస్తుంది. పిల్లలు పదింటికల్లా పడుకోవాలంటే సికింద్రాబాద్‌లో ఏడు దాటకుండా రైలెక్కాలి. కాజీపేటకు దాదాపు రెండు గంటలు. అంటే ఆరింటికే స్టేషన్ దారి పట్టాలి. పొద్దున దిగేసరికి ఎలాగూ పది. మిగిలిన ఎనిమిది గంటల్లో భోజనం, బాత్రూంలు, ఆటోల కోసం ఎదురుచూపు, పాప అలక, పాప కునుకు తీసేస్తే చేతిలో ఉండేది నాలుగు గంటలు. అందులో పట్టేది ఒక పెద్ద చోటు, ఒక చిన్న చోటు.

బస్సా, రైలా? ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్‌లో మహాలక్ష్మి పథకం పుణ్యాన 2023 డిసెంబర్ నుంచి అమ్మకూ పాపకూ జీరో టికెట్టే, డబ్బులు పెట్టాల్సింది నాన్నా బాబూ. అయినా చిన్నపిల్లలుంటే నా ఓటు రైలుకే. లేచి నాలుగడుగులు వేయొచ్చు, బాత్రూం పక్కనే ఉంటుంది. ఐదేళ్లలోపు పిల్లలకు విడిగా సీటు అడగకపోతే టికెట్ అక్కర్లేదు.

పైగా మా దారిలో కిటికీయే సగం యాత్ర. జనగామ, ఆలేరు దాటాక రాయగిరి వస్తుంది. ఇప్పుడు ఆ స్టేషన్ పేరు యాదాద్రి. హుస్సేన్‌సాగర్ మధ్యలో నిలబడ్డ బుద్ధుడి రాయి ఇక్కడి గుట్టదే. 50 అడుగులకు పైనే ఉన్న ఆ విగ్రహాన్ని 1990లో పడవ మీద సాగర్‌లోకి తీసుకెళ్తుంటే మునిగిపోయింది, మనుషుల ప్రాణాలూ పోయాయి. బుద్ధుడు రెండేళ్లకు పైగా నీళ్ల అడుగునే ఉన్నాడు. 1992 డిసెంబర్ 1న లేపి నిలబెట్టారు. ఈ కథ పొద్దున రాయగిరిలో చెప్పి ఊరుకోండి. సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద పిల్లలే చెయ్యెత్తి చూపిస్తారు: "మన రైలు దగ్గరి రాయి!" అని. రాయగిరి తర్వాత భువనగిరి. ఒకే బండ, దాని నెత్తిన కోట. కిటికీ పక్క సీటు కోసం కొట్లాట అక్కడ ఖాయం, ముందే వంతులు వేసుకోవడం మంచిది.

చిన్న చోటు సాయంత్రం ట్యాంక్‌బండ్ అయితే, పెద్ద చోటుగా నేను చెప్పేది సాలార్‌జంగ్ మ్యూజియం. ఆశ్చర్యపోకండి, చిన్నపిల్లలకు మ్యూజియమేమిటని మా అత్తయ్య కూడా అంది. గదులన్నీ తిరగాలనుకుంటే ఆమె అన్నదే నిజం. పిల్లలతో వెళ్లినప్పుడు దాన్ని గడియారం ఉన్న ఇల్లు అనుకోవాలి. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీ గడియారం అది. లోపల చిన్న కమ్మరి బొమ్మ సుత్తితో సెకన్లు కొడుతూనే ఉంటుంది. గంట కావడానికి కొద్ది నిమిషాల ముందు తలుపు తీసుకుని గడ్డపాయన బొమ్మ బయటికొస్తుంది, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి మళ్లీ లోపలికి పోతుంది. ఒంటిగంటకు వెళ్తే ఒక్క దెబ్బతో సరి. పన్నెండింటికి వెళ్తే పన్నెండు. అందుకే ఆ వేళకు అక్కడ జనం నిండిపోతారు. పావు గంట ముందే వెళ్లి, పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టండి. మా పాప వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది. పదయ్యాక వేళ్లు అయిపోయాయి, అన్న చెయ్యి లాక్కుని మిగతా రెండూ లెక్కేసింది. ఆ తర్వాత ముసుగు రెబెక్కా బొమ్మ ఒక్కటి చూపించండి. రాతిలో పల్చటి మేలిముసుగు చెక్కిన బెంజోనీ పనితనం చూసి పిల్లలు అది గుడ్డేననుకుంటారు. ఇక బయటపడండి. మిగతావి వాళ్లు పెద్దయ్యాక వాళ్లే చూసుకుంటారు.

సికింద్రాబాద్ స్టేషన్ నుంచి అక్కడికి దారి కూడా సులువు. సికింద్రాబాద్ వెస్ట్‌లో మెట్రో ఎక్కితే ఎక్కడా మారకుండా ఎంజీబీఎస్‌లో దిగొచ్చు, అక్కడి నుంచి ఆటో. మెట్రోయే మా వాడికి పెద్ద ఆకర్షణ. ఎస్కలేటర్ దగ్గర మాత్రం చెయ్యి వదలొద్దు. వదులు చెప్పులు, పొడుగు పరికిణీ ఉంటే ఎత్తుకోవడమే నయం.

జూకే వెళ్లాలనుకుంటే ఆ రోజుకు అదే పెద్దచోటు, అదే చిన్నచోటు. 1963లో తెరిచిన నెహ్రూ జూపార్క్ దాదాపు 380 ఎకరాలు. నాలుగేళ్ల కాళ్లకు అదొక జిల్లా. బ్యాటరీ బండి ఎక్కండి, పరువు చూసుకోకండి. ఎండెక్కితే పులులు నీడ వెతుక్కుని పడుకుంటాయి కాబట్టి పొద్దున్నే చేరగలిగితేనే జూ పెట్టుకోండి.

చార్మినార్‌ను కింద నుంచి చూస్తే చాలు. పైకి 149 మెట్లు, ఇరుకు, మలుపులు. గోల్కొండ ఎక్కడం పదేళ్లు నిండాక. కింద ద్వారం దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినిపించే వింత, పైదాకా ఎక్కగలిగిన వాళ్లకే. ఇంట్లో రాక్షసబల్లుల పిచ్చోడుంటే బిర్లా సైన్స్ మ్యూజియం వేరే రోజుకు దాచుకోండి. ప్రాణహిత-గోదావరి లోయలో దొరికిన కోటాసారస్ అస్థిపంజరం అక్కడుంది.

అసలు ప్రమాదం చుట్టాలు. హైదరాబాద్‌లో చుట్టాలు లేని కుటుంబం మా వరంగల్ వైపు దొరకదు. "ఊళ్లోకి వచ్చాం" అని ఫోన్ చేశామా, మూడు గంటలు పోయినట్టే. కూరలు అప్పుడే తరుగుతారు, బట్టలు పెట్టకుండా పంపరు. చేయకపోతే పదేళ్లు గుర్తుపెట్టుకుంటారు. మేం దానికో దారి కనిపెట్టాం. మ్యూజియం నుంచి దగ్గరలో ఉన్న మేనత్త ఇంటికి, ముందే చెప్పి, పాప కునుకు వేళకు వెళ్తాం. భోజనం తెచ్చుకున్నామని కూడా ముందే చెప్తాం. ఆమె నమ్మదనుకోండి, అది వేరే సంగతి.

తెచ్చుకునే తిండి విషయంలో పాతకాలం వాళ్లదే తెలివి. సర్వపిండి సాయంత్రం దాకా చెడదు, చేతికి అంటదు, రైల్లో ఒలకదు. పులిహోర మధ్యాహ్నానికి సరిపోతుంది. ఒక జత బట్టలు, తడిగుడ్డ, రెండు ఖాళీ కవర్లు. పెద్ద సంచి ఒకటి కంటే చిన్నవి రెండు మేలు. ఒకరు పాపను ఎత్తుకుంటే రెండోవాళ్లకు చెయ్యి ఖాళీ ఉండాలి కదా.

ఇంకొకటి, భయపెట్టడానికి కాదు. పొద్దున ఇల్లు దాటేముందు పిల్లలకు ఆ రోజు బట్టల్లో ఒక ఫొటో తీసుకోండి. జనంలో తప్పిపోతే "నీలం చొక్కానా, ఆకుపచ్చదా" అని మనకే గుర్తురాదు. మణికట్టు లోపలివైపు పెన్నుతో మీ ఫోన్ నంబర్ రాయండి. తప్పిపోతే తిరక్కుండా ఉన్నచోటే నిలబడాలని రైల్లోనే రెండుసార్లు చెప్పించండి. పిల్లల సాయానికి 1098, ఎమర్జెన్సీకి 112, రైల్లో ఏదైనా అవసరమైతే 139.

నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపు వెళ్లండి. మే నెల ఎండలో పిల్లల్ని తిప్పొద్దు. రోజు ఖాయం చేసుకునేముందు మాత్రం క్యాలెండర్ ఒకసారి చూడండి: జూకు సోమవారం సెలవు, సాలార్‌జంగ్‌కు శుక్రవారం.