వయసు మీరిన సర్వరు

ఒక ఆడిటరుగారి ఆఫీసును తీసుకొందాం. పదిమంది గుమాస్తాలు పది కంప్యూటర్ల ముందు కూర్చొని పని చేస్తుంటారు. కాని ఖాతాదారుల లెక్కలు ఆ పదింటిలోను ఉండవు. మూలగదిలో రాత్రింబగళ్లు నడిచే పదకొండో యంత్రంలో ఉంటాయి. దానినే సర్వరు అంటారు. అడిగినవారికి దస్త్రం తీసి ఇవ్వడం, తిరిగి వచ్చినదానిని భద్రపరచడం దాని పని. పూర్వం రికార్డుగది గుమాస్తా చేసిన పని ఇదే.

నడుస్తున్నంతకాలం దాని సంగతి ఎవరికీ గుర్తుండదు. "బాగానే ఉన్నదానిని కదపడం ఎందుకు?" అని యజమాని అడగవచ్చు. సమాధానం కావాలంటే ఈ యంత్రానికి ముసలితనం ఎట్లా వస్తుందో తెలుసుకోవాలి.

మొదటిది హార్డు డిస్కు. సాధారణమైన డిస్కు నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతుంది. అనగా ఏడాదికి సుమారు 378 కోట్ల చుట్లు. దానిపై రాసి చదివే తల, పలకకు తగలకుండా కొద్ది నానోమీటర్ల ఎత్తున తేలుతూ ఉంటుంది. ఏండ్ల తరబడి ఇట్లా తిరిగిన భాగాలు అరగక తప్పదు.

రెండవది విద్యుత్తు సరఫరా పెట్టె. అందులోని కొన్ని కెపాసిటర్లలో ద్రవపదార్థం ఉంటుంది. అది క్రమంగా ఆరిపోతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుర్దాయం సగమవుతుందని ఇంజనీర్ల స్థూలమైన లెక్క. గాలి ఆడని మూలగదిలో మన ఎండాకాలం గడిపే యంత్రం సంగతి వేరే చెప్పనక్కరలేదు.

మూడవ ముసలితనం కంటికి కనిపించదు. అది యంత్రాన్ని నడిపించే సాఫ్టువేరుది. ఉదాహరణకు విండోస్ సర్వర్ 2012కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2023 అక్టోబరు 10తో ముగిసింది. ఆ తరువాత బయటపడే లోపాలకు మరమ్మతులు మామూలుగా రావు. దాని ఫలితం ఎట్లా ఉంటుందో 2017 మే నెలలో ప్రపంచం చూసింది. దస్త్రాలకు తాళం వేసి డబ్బు అడిగే 'వానాక్రై' అనే దుష్ట ప్రోగ్రాము దేశదేశాలకు పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దానికి చిక్కాయి. అది వాడుకొన్న లోపానికి మరమ్మతు ఆ మార్చిలోనే విడుదలయింది. దానిని వేయించుకోని యంత్రాలే దెబ్బతిన్నాయి.

జంట డిస్కులు చాలవా?

"మా సర్వరులో రెండు డిస్కులున్నాయి, ఒకటి పోయినా రెండోది ఉంటుంది" అని కొందరు ధీమాగా ఉంటారు. ఈ పద్ధతికి రెయిడ్ అని పేరు. 1988లో బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే శాస్త్రజ్ఞులు దీనిని వివరించారు. ఒక డిస్కు చెడినా పని ఆగకుండా ఇది కాపాడుతుంది. కాని గుమాస్తా పొరపాటున ఒక దస్త్రం చెరిపితే అది రెండు డిస్కులలోను ఒకేసారి చెరిగిపోతుంది. కనుక జంట డిస్కులు వేరు, నకలు వేరు. నకళ్లలో ఒకటి తీగ ఊడదీసిన డిస్కుపైన, మరొకటి వేరే ఊరిలోనో వేరే భవనంలోనో ఉండాలి. వస్తు సేవల పన్ను చట్టం ప్రకారం లెక్కలను ఆ ఏటి వార్షిక రిటర్ను గడువు తేదీ నుండి 72 నెలలు భద్రపరచాలి. డిస్కు పోయిందన్న మాట ఆ బాధ్యతను తీర్చదు.

మార్చే విధానం

ముందు కాలం లెక్కకట్టాలి. లెక్కలన్నీ కలిసి 2 టెరాబైట్లు అనుకొందాం. సెకండుకు ఒక గిగాబిట్ పంపే తీగ మీద, ఎంత వేగంగా పోయినా సుమారు నాలుగున్నర గంటలు పడుతుంది. మధ్యలో ఎక్కడో 100 మెగాబిట్ల పాత స్విచ్చి ఉంటే అదే పనికి 44 గంటలు దాటుతుంది. 20 మెగాబిట్ల ఇంటర్నెట్టు ద్వారా బయటికి పంపాలంటే తొమ్మిది రోజులకు పైమాటే. చిన్న దస్త్రాలు లక్షలుగా ఉంటే ఇంకా ఆలస్యం. శనివారం రాత్రి మొదలుపెట్టిన పని సోమవారం ఉదయానికి పూర్తి అవుతుందా లేదా అన్నది ఈ గుణకారమే చెబుతుంది.

కొత్త యంత్రాన్ని పాతదాని పక్కనే నిలిపి, అందరూ పని ఆపిన తరువాత దస్త్రాలను నకలు చేయాలి. పాతది అప్పటికింకా నడిచే స్థితిలో ఉండడమే మనకు గొప్ప వసతి. అది ఆగిపోయినదాకా వేచి ఉంటే ఈ వసతి ఉండదు. నకలు పూర్తి అయిన తరువాత, రెండుమూడేండ్ల కిందటి లెక్క ఒకటి తెరిచి, మొత్తాలు సరిపోయినవో లేదో చూడాలి. భద్రపరచిన నకలు నుండి కూడా ఒక దస్త్రాన్ని వెనక్కు తీసి చూడాలి. వెనక్కు తీసి చూడని నకలును నమ్మరాదు.

పాత సర్వరును వెంటనే అమ్మివేయక, కనీసం ఒక నెలాఖరు లెక్కలు కొత్తదానిలో ముగిసేవరకు తీగ తీసి పక్కన ఉంచడం మంచిది. అమ్మేముందు డిస్కును పూర్తిగా తిరగరాసి తుడవాలి. మామూలుగా దస్త్రాన్ని చెరిపితే విషయసూచికలో పేరు మాత్రమే పోతుంది. లోపలి లెక్కలు అట్లాగే ఉండి, కొన్నవారి చేతికి చిక్కవచ్చు.