పత్రిక మళ్లీ మొదలైతే వేదిక ఎవరిది?

ఆగిన పత్రికను మళ్లీ జనంలోకి తెచ్చే సభ అనగానే మన దగ్గర ముందు ఫ్లెక్సీ సైజు మాట్లాడుకుంటారు. ఆ తర్వాత ఎవరి ఫోటో పెద్దదో చూసుకుంటారు. ఊళ్లు తిరిగి వార్త తెచ్చిన విలేకరి ముఖం ఓ మూలన కూడా ఉండదు.

మన పత్రికలకు కొత్త పేరుతో రావడం కొత్త కాదు. అంబేద్కర్ 'జనతా' 1956లో 'ప్రబుద్ధ భారత్' అయింది. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డివర్మ 1931లో మొదలుపెట్టిన 'భాగ్యనగర్' తర్వాత 'ఆది హిందూ' అయింది. ఎవరి తరఫున మాట్లాడుతున్నామో ఆ పేరే చెప్పింది. 1920లో 'మూక్‌నాయక్' వస్తోందని డబ్బిస్తామన్నా 'కేసరి' ప్రకటన వేయలేదు. మన ప్రచారం మనమే చేసుకోవాల్సి రావడం అప్పటి నుంచే ఉంది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ నుంచి విడిపోయి జిల్లాలయ్యాయి. మొదటి రెండు పట్టణాలకు రైలుంది, భూపాలపల్లికి బస్సే దిక్కు. జనగామలో ఒక్క పెద్ద సభ పెడితే, షిఫ్టు దిగిన సింగరేణి కార్మికుడు అంత దూరం ఎట్లా వస్తాడు? మూడు చోట్లా చిన్న సభలే నయం. అప్పుడు అలంకరణంతా మడిచి బస్సులో వేసుకుపోయేలా ఉండాలి.

ఆ విద్య మన వాడల్లోనే ఉంది. డక్కలివాళ్లు మాదిగలకు జాంబపురాణం చెప్పేది గుడ్డ పటం మీద. జనగామకు దగ్గర్లోని చేర్యాల నకాషీలు అలాంటి పటాలు గీసేవారు. వాడ నడుమ కట్టి, ఒక్కో బొమ్మ చూపుతూ కథ నడిపిస్తారు. ఈవెంట్ కంపెనీలు బ్యాక్‌డ్రాప్, స్క్రీన్ అని విడివిడిగా బిల్లు వేసేదంతా ఆ ఒక్క గుడ్డలో ఉంది. పత్రిక రాసిన పోరాటాలను అలాగే బొమ్మకట్టించవచ్చు. చేర్యాల ముఖాలను ఇంటర్నెట్‌లోంచి తీసి ఫ్లెక్సీ మీద అతికించడం మాత్రం వేరే సంగతి. అది దొంగతనం.

అతిథిని గేటు నుంచి డప్పుతో తోడుకొచ్చే అలవాటు మీద మాకు పేచీ ఉంది. వెట్టిగా కొట్టించిన వాద్యం అది. ఆహ్వానంలో కళాకారుల పేర్లు, వేదిక మీద చోటు, చేతికి పైసలు, ఈ మూడూ లేకుంటే డప్పు పెట్టొద్దు.

ముందు వరుస సోఫాలూ వద్దు. అందరికీ ఒకే రకం కుర్చీలు, ఒక మైకు ఆడవాళ్లు కూర్చున్న వైపు. వీలైతే ఫంక్షన్ హాలు కాదు, వాడలోని అంబేద్కర్ విగ్రహం ముందే. సభ అయ్యాక ఫ్లెక్సీ గొడ్లకొట్టం మీద కప్పడానికి పోతుంది. గుడ్డ పటమైతే కమ్యూనిటీ హాలు గోడకు ఉంటుంది.