సీలో స్విచ్ స్పీడ్ పెంచాలా? కంపైలర్‌కి సూచన ఇవ్వడం వేరు, మాట ఇవ్వడం వేరు!

బీటెక్‌లో స్విచ్ గురించి మనకి చెప్పింది ఒక్కటే: ఇఫ్-ఎల్స్ కంటే స్విచ్ ఫాస్ట్. ఎగ్జామ్‌లో అదే రాశాం, మార్కులూ పడ్డాయి. ఎందుకు ఫాస్ట్ అని మాత్రం ఎవరూ అడగలేదు. ఉద్యోగంలో చేరాక, ఒకే ఒక్క లైన్ రాసి ఒక స్మార్ట్‌వాచ్‌ని హ్యాంగ్ చేసిన రోజు నాకు ఆ జవాబు బాగా తెలిసొచ్చింది.

లోపల ఏం జరుగుతుంది?

జీసీసీ, క్లాంగ్ లాంటి కంపైలర్లు ప్రతి స్విచ్‌నీ ఒకేలా మార్చవు. కేస్ విలువలు 0, 1, 2, 3 అని దగ్గర దగ్గరగా ఉంటే జంప్ టేబుల్ తయారుచేస్తాయి. అంటే అడ్రస్‌ల వరుస. వచ్చిన విలువను ఇండెక్స్‌గా వాడి నేరుగా ఆ కేస్‌కి దూకడమే. పది కేసులున్నా, వంద ఉన్నా పని ఒకటే.

విలువలు 1, 100, 5000, 90000 అని చెల్లాచెదురుగా ఉంటే టేబుల్ నిండా ఖాళీలే మిగులుతాయి. అందుకే అక్కడ బైనరీ సెర్చ్ లాగా పోలుస్తూ వెళ్తాయి. 64 కేసులున్నా దాదాపు 6 పోలికల్లో తేలిపోతుంది. రెండు మూడు కేసులే ఉంటే మామూలు ఇఫ్-ఎల్స్‌గానే మారుస్తాయి.

ఎక్కువగా వచ్చే కేస్‌ని పైన రాస్తే ఫాస్ట్ అని చాలామంది అనుకుంటారు. కానీ మనం రాసిన వరుసను కంపైలర్ పాటించాల్సిన పనిలేదు. ఏ కేస్ ఎక్కువొస్తుందో దానికి వేరేగా చెప్పాలి.

సూచన: బిల్ట్‌ఇన్ ఎక్స్‌పెక్ట్

"ఈ విలువే ఎక్కువసార్లు వస్తుంది" అని చెప్పడానికి జీసీసీ, క్లాంగ్ రెండింటిలోనూ బిల్ట్‌ఇన్ ఎక్స్‌పెక్ట్ ఉంది. లినక్స్ కెర్నల్‌లో కనిపించే లైక్లీ, అన్‌లైక్లీ మ్యాక్రోలు దీంతో చేసినవే. స్విచ్ విషయంలో నేను చేసేది సింపుల్: బాగా ఎక్కువగా వచ్చే ఒక్క కేస్‌ని బయటకి తీసి, స్విచ్ పైన ఒక ఇఫ్‌లో పెట్టి, దానికి ఈ సూచన ఇస్తా. సీ++20లో అయితే లైక్లీ, అన్‌లైక్లీ అట్రిబ్యూట్‌లను నేరుగా కేస్ మీదే పెట్టుకోవచ్చు. సీ23లో కూడా ఆ సౌకర్యం రాలేదు.

ఈ సూచన తప్పైతే? కోడ్ కాస్త స్లో అవుతుంది, అంతే. జవాబు మాత్రం మారదు.

మాట: అన్‌రీచబుల్

ఇది అలా కాదు. జంప్ టేబుల్‌కి ముందు కంపైలర్ ఒక చెక్ పెడుతుంది: విలువ టేబుల్ దాటిపోయిందా అని. డిఫాల్ట్‌లో బిల్ట్‌ఇన్ అన్‌రీచబుల్ రాస్తే, "ఇక్కడికి ఎప్పటికీ రాదు" అని మనం మాట ఇచ్చినట్టే. కంపైలర్ నమ్మి ఆ చెక్ తీసేయగలదు. సీ23లో ఇది అన్‌రీచబుల్ పేరుతోనే స్టాండర్డ్‌లోకి వచ్చింది.

మా వాచ్‌కి ఫోన్ నుంచి 0 నుంచి 7 వరకే కమాండ్‌లు వచ్చేవి. నేను తెలివిగా అన్‌రీచబుల్ పెట్టేశా. టెస్టులన్నీ పాస్. కొన్ని వారాల తర్వాత యాప్ టీమ్ కొత్త ఫీచర్ కోసం 8వ కమాండ్ పంపింది. పాత ఫర్మ్‌వేర్ టేబుల్ దాటి, అక్కడున్న చెత్త విలువనే అడ్రస్ అనుకుని దూకింది. వాచ్ హ్యాంగ్. రెండు రోజులు బ్లూటూత్‌ని తిట్టుకుంటూ కూర్చున్నా. చివరికి మా లీడ్ వచ్చి కోడ్ చూసి ఒకటే అడిగారు: "తమ్ముడూ, ఆ బైట్ పంపేది నువ్వా?"

నా దగ్గర సమాధానం లేదు. పోనీ అంత చేసి నేను మిగిల్చింది ఎంత? ఒక పోలిక, ఒక బ్రాంచ్. ప్యాకెట్ కోసం మిల్లీసెకన్ల కొద్దీ ఎదురుచూసే చోట ఆ లాభం ఎవరికీ కనిపించదు.

మరి ఏం చేయాలి?

ముందు ప్రొఫైలర్‌తో కొలవండి. ఆ స్విచ్ దగ్గరే టైమ్ పోతోందని తేలాకే చెయ్యి పెట్టండి. ఊహించే బదులు ఎఫ్-ప్రొఫైల్-జనరేట్, ఎఫ్-ప్రొఫైల్-యూజ్ ఫ్లాగ్‌లు వాడితే, ప్రోగ్రామ్ నిజంగా నడిచిన తీరు చూసి కంపైలరే నేర్చుకుంటుంది. ఈనమ్ మీద స్విచ్ రాస్తే డిఫాల్ట్ తీసేసి వార్నింగ్‌లు ఆన్ చేయండి. ఏ విలువ మర్చిపోయినా కంపైలరే చెప్తుంది. అన్‌రీచబుల్ తప్పనిసరైతే, టెస్టింగ్‌లో అన్‌డిఫైన్డ్ బిహేవియర్ శానిటైజర్ ఆన్ చేయండి. ఇచ్చిన మాట తప్పితే అక్కడే పట్టుకుంటుంది. ఆండ్రాయిడ్ ఎన్‌డీకేలో 2018లోనే జీసీసీని తీసేసి క్లాంగ్ ఒక్కటే ఉంచారు. పైన చెప్పినవన్నీ అక్కడా పనిచేస్తాయి. ఏ స్విచ్ ఏ అసెంబ్లీగా మారిందో కంపైలర్ ఎక్స్‌ప్లోరర్‌లో పెట్టి చూడండి, సగం డౌట్లు అక్కడే తీరిపోతాయి.

గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. విలువ మన కోడ్‌లోనే పుట్టి, మన కోడ్‌లోనే తిరుగుతుంటే మాట ఇవ్వొచ్చు. నెట్‌వర్క్, బ్లూటూత్, ఫైల్, యూజర్... ఇలా బయట నుంచి వస్తే మాత్రం సూచన దగ్గరే ఆగండి. ఇప్పుడు నా డిఫాల్ట్‌లో రెండే లైన్లు ఉన్నాయి: ఎర్రర్ లాగ్ చేయి, ప్యాకెట్ వదిలేయి. 9వ కమాండ్ వచ్చినా మా వాచ్ టైమ్ చూపిస్తూనే ఉంటుంది.